చేదు కాఫీకి గోర్ట్ దాకా

ఐర్లండ్ చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ గోర్ట్ ఊళ్ళో దిగరు. పడమటి తీరంలో సముద్రపు కొండలు చూడ్డానికి పోతూ, దారిలో పెట్రోలుకో బాత్రూముకో ఆగి, మళ్ళీ కారెక్కేస్తారు. నేను పనిగట్టుకుని గోర్ట్‌కే వెళ్ళాను. మూడు రోజుల యాత్ర చేసి, ఆ కొండలు చూడకుండా తిరిగొచ్చాను. "అంత దూరం వెళ్ళి ఏం చూశారండీ?" అని ఇక్కడి మనవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. కాఫీ తాగొచ్చానంటే నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళకి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి. ములింగార్ ఆసుపత్రిలో డాక్టరుని. మా ఆయన శ్రీనివాస్‌ది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా పుణ్యమా అని మా వంటగదిలో భోజనాల బల్లే ఆయన ఆఫీసు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన చక్కెర అనడం మానలేదు, నేను పంచదార అనడం మానలేదు. ఈ కథకి ఆ మాట అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

బయల్దేరక ముందు సంగతి

నాదియా మా వార్డులో నర్సు. బ్రెజిల్ అమ్మాయి. కరోనా కాలంలో ప్లాస్టిక్ గౌన్లు, ముసుగుల మధ్య ఎవరు ఎవరో తెలియక, గౌను మీద మార్కర్‌తో పేర్లు రాసుకుని ఇద్దరం పక్కపక్కన పనిచేశాం. రెండువేల ఇరవై ఒకటి జనవరిలో, ఇక్కడ శవాలు లెక్కపెట్టలేక మేం సతమతమవుతున్నప్పుడు, అక్కడ వాళ్ళ నాన్న అదే జబ్బుతో పోయాడు. వెళ్ళే దారి లేదు. స్టాఫ్ వంటగదిలో ప్రెస్ తలుపుకి ఫోను ఆనించి (కప్‌బోర్డుని ఇక్కడ ప్రెస్ అంటారు) తండ్రిని పూడ్చడం చూసింది. నేను పక్కన నిలబడ్డాను. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. అయ్యాక ఫోను జేబులో వేసుకుని, మొహం కడుక్కుని, రోగులకి మందులివ్వడానికి వెళ్ళింది. నేను ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

అంతకంటే పెద్ద కష్టం వాళ్ళమ్మ నజీరా గారిది. కొడుక్కి బిడ్డ పుడితే చూసిపోదామని, కరోనాకి కాస్త ముందు గోర్ట్ వచ్చిందావిడ. కొడుకు అక్కడ మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "ఇక్కడ ఏం బాగాలేదు, నువ్వు అక్కడే ఉండు" అని భర్త ఫోన్లో చెబుతూ వచ్చాడు. ఈవిడ ఉండిపోయింది, ఆయన పోయాడు.

జూన్ చివర్లో ఒకరోజు టీ తాగుతూ నాదియా నన్ను అడిగింది.

"డాక్టర్, మీరొకసారి మా అమ్మ దగ్గరికి వస్తారా? కాఫీ తాగాలి, అంతే."

కాఫీకి నూటముప్ఫై కిలోమీటర్లా అన్నాను. అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ తాతగారు సిరియాలోని హోమ్స్ నుంచి బ్రెజిల్ చేరిన మనిషి. ఆ ఇంట్లో చావు జరిగితే నలభై రోజులు కాఫీలో పంచదార పడదు. పరామర్శకి వచ్చినవాళ్ళు కూడా ఆ చేదు కాఫీయే తాగి వెళ్ళాలి. నలభయ్యో రోజు దాటాక మళ్ళీ తీపి.

"మరి ఆర్నెల్లయిందిగా?"

"ఆ నలభై రోజులూ ఎవరొచ్చారు? ఐదు కిలోమీటర్లు దాటకూడదు, ఇంకొకరి గుమ్మం ఎక్కకూడదు, రోడ్డు మీద పోలీసులు ఆపి అడిగేవాళ్ళు. మనుషులు రాని నలభై రోజులు లెక్కలోకి రావంటుంది అమ్మ. ఇంకా చేదే తాగుతోంది. ముందు మూడు చెంచాలు వేసుకునే మనిషి."

మే నెలలో ఆంక్షలు సడలాక గోర్ట్‌లోని బ్రెజిల్ వాళ్ళు కొందరు వచ్చి వెళ్ళారట. అయినా ఆవిడ కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు. బ్రెజిల్‌లో ఇల్లు తాళం వేసి ఉంది. వెళ్తాననీ అనదు, ఉంటాననీ అనదు. ఏం లోటుగా ఉందమ్మా అంటే తనకీ తెలియదంటుంది.

"నాన్నని మట్టిలో పెట్టడం చూసినవాళ్ళు ఈ దేశంలో నేను, అన్నయ్య కాక మీరొక్కరే," అంది నాదియా. "అమ్మ కాఫీలో పంచదార వేసుకుంటే నాకదే చాలు డాక్టర్. లేకపోతే ఆ కుర్చీలోనే అయిపోతుందేమోనని భయంగా ఉంది."

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన లాప్‌టాప్ మూసేశాడు.

"పరామర్శకు పిలిపించుకునుడేంది సునీతా? గది మంచిగుండదు. ఎప్పుడో పోవాల్సింది మనం. పా, పోదాం."

అథ్లోన్‌లో బల్ల మీద

జూలైలో ఒక శనివారం ముగ్గురం మా కారులో బయల్దేరాం. నాదియా వెనక సీట్లో, మాస్కులు మొహాల మీద, అద్దాలు సగం దించి. ఆ గాలికి మాటలు సగం ఎగిరిపోయేవి. ఏడాదిన్నరగా ములింగార్ పొలిమేర దాటని నాకు ఆవులు కూడా కొత్తగా కనిపించాయి.

మధ్యాహ్నానికి అథ్లోన్ చేరాం. హోటళ్ళలో లోపల కూర్చోనివ్వడం ఇంకా మొదలవలేదు. ఒక కొట్లో ఐదు యూరోలకి చికెన్ రోల్ తీసుకున్నాం నేనూ, నాదియా. మా ఆయన శనివారం మాంసం ముట్టడు. కౌంటర్లో అమ్మాయికి ఆ సంగతి చెబితే, "శనివారం ఒక్కటేనా? మిగతా రోజులు గ్రాండేనా?" అని (ఫర్వాలేదనడానికి ఇక్కడ గ్రాండ్ అంటారు) రెండుసార్లు అడిగి, నాలుగు యూరోలకి చీజ్, ఉల్లిపాయల సాండ్‌విచ్ చుట్టిచ్చింది. దేవుడి పేరు చెప్పుకుని యూరో మిగిలింది.

షానన్ నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నాం. పక్క బల్ల మీద ఒక పెద్దాయన, టోపీ పెట్టుకుని, రెండు మీటర్ల దూరం కచ్చితంగా పాటిస్తూ, మాటలు మాత్రం దగ్గరగా కలిపాడు. ఏ ఊరన్నాడు. ములింగార్ అన్నాం. అంతకు ముందు అన్నాడు. మాది ఇండియా అన్నాం, నాదియా బ్రెజిల్ అంది.

"బ్రెజిల్ మొహంలా లేదమ్మాయ్. అంతకు ముందు?"

నాకు ఒళ్ళు మండింది గానీ నాదియా నవ్వింది. "అంతకు ముందు సిరియా. అమ్మమ్మ వాళ్ళ నాన్న ఓడెక్కి వచ్చాడు."

"మరి బ్రెజిల్ వాళ్ళు ఆయన్ని బాగా చూసుకున్నారా?"

"టర్కీవాడా అని పిలిచేవాళ్ళు. ఆయనకి టర్కీ అంటేనే పడదు. కానీ కాగితాల మీద టర్కీ సుల్తాను ముద్ర ఉంది మరి."

 "కుర్రతనంలో పనికోసం ఇంగ్లండ్ పోతే, లివర్‌పూల్‌లో మమ్మల్ని అంతకంటే దరిద్రంగా పిలిచేవాళ్ళులే," అని పెద్దాయన టోపీ సర్దుకుని లేచాడు.

మళ్ళీ కారెక్కాక నాదియా ఆ ముత్తాత కథ చెప్పింది. వీపు మీద చెక్కపెట్టె మోసుకుని, గుండీలు, దారపు రీళ్ళు, దువ్వెనలు పల్లెపల్లెకీ నడిచి అమ్మేవాడు. చేతిలో చెక్క చిడతలు ఉండేవి, ఊరి మొదట్లో అవి వాయిస్తే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. తర్వాత గాడిద కొన్నాడు. తర్వాత గోయాస్ రాష్ట్రంలో అనాపొలిస్ అనే ఊళ్ళో బట్టల కొట్టు పెట్టాడు. ఆ వీధంతా హోమ్స్ నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్ళ కొట్లేనట. మూడో తరానికి అరబ్బీ పోయింది. వంటల పేర్లు, తిట్లు, దండం పెట్టుకునే మాటలు మిగిలాయి.

"మా వార్డుకి సిరియా నుంచి వచ్చిన కుటుంబం ఒకటి వచ్చింది," అంది. "నాకు వచ్చిన అరబ్బీ అంతా మాట్లాడాను. కిబె, పెరుగు, బంగారుతల్లీ. అంతటితో అయిపోయింది. చంటిపిల్లని చూసినట్టు చూశారు నన్ను."

"మా కరీంనగర్‌ల మార్వాడీ సేటు ఉన్నడు," అన్నాడు మా ఆయన ఇంగ్లీషులోంచి తెలుగులోకి జారిపోతూ. "మూడు తరాల సంది ఆడ్నే. నాకంటే మంచిగ తెలుగు మాట్లాడ్తడు. అయినా ఇంక మార్వాడీ సేటే." నేను దాన్ని ఇంగ్లీషు చేసి వెనక్కి అందించాను. నాదియా పగలబడి నవ్వింది.

గోర్ట్, సాయంత్రం

గోర్ట్ అంటే మధ్యలో ఒక పెద్ద చౌరస్తా, చుట్టూ రంగు రంగుల కొట్లు. ఐరిష్ కసాయి కొట్టు, ఐరిష్ మందుల కొట్టు, వాటి మధ్య పసుపు ఆకుపచ్చ బోర్డుతో బ్రెజిల్ కొట్టు. ఆ కొట్లో అడుగుపెడితే ఐర్లండ్ అయిపోయినట్టే. నల్ల చిక్కుళ్ళు బస్తాల్లో, కర్రపెండలం పిండి పొట్లాల్లో, కౌంటర్ మీద వేడి వేడి జున్ను బన్నులు. నాలుగు బన్నులు మూడు యూరోలు. పైన కరకర, లోపల సాగుతూ ఉంటాయి. మా ఆయన నాలుగూ ఒక్కడే తిని, శనివారమే కదా అని ఇంకో నాలుగు తిన్నాడు.

మా బస ఊరి చివర నోరా అనే ఆవిడ ఇంట్లో. రెండు గదులు అద్దెకిస్తుంది, పొద్దున్నే టిఫినుతో కలిపి రాత్రికి ఎనభై యూరోలు. అరవై దాటిన మనిషి, తెల్ల జుట్టు, మాస్కుతో పాటు చేతికి గ్లవుజులు. తాళం చెవి కూడా గుమ్మం బయట స్టూలు మీద పెట్టి దూరం జరిగింది. వేడినీళ్ళకి గోడ మీద స్విచ్ ఉంది, వాడాక ఆపమంది. ఇక్కడి వాళ్ళు దేనినైనా క్షమిస్తారు గానీ వేడినీళ్ళ స్విచ్ ఆపకపోతే క్షమించరు.

నాదియా తన అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వెళ్తూ నాకు జాగ్రత్తలు చెప్పింది. "రేపు వెళ్ళేటప్పుడు కాస్త బాగా చెప్పి వెళ్ళండి డాక్టర్. మా ఇళ్ళల్లో గేటు దగ్గర అరగంట మాట్లాడందే వీడ్కోలు అవదు. అమ్మకి అది ఇష్టం." సరేనన్నాను.

నజీరా గారి వంటగది

ఆదివారం పొద్దున పదింటికి వెళ్ళాం. ఊరి అంచున మేడ లేని చిన్న ఇల్లు, ముందు గడ్డి, గేటు పక్కన రాతి స్తంభం. జనవరిలో పక్కింటి రైతు మైకిల్ ఆపిల్ టార్ట్ చేయించి తెచ్చి ఆ గేటు బయటే నిలబడ్డాడట. టోపీ తీసి, ఇక్కడి పరామర్శ మాట, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని కేకవేసి చెప్పాడట. నజీరా గారు చేదు కాఫీ కప్పు తెచ్చి ఆ స్తంభం మీద పెట్టి వెనక్కి వస్తే, ఆయన వానలో నిలబడి మాస్కు దించుకుని తాగి వెళ్ళాడు. కానీ కాఫీ గుమ్మం లోపల తాగాలి. అందుకని అదీ లెక్కలోకి రాలేదు.

నజీరా గారు సన్నటి మనిషి. నల్ల గౌను, చెవులకి బంగారు రింగులు. కొడుకు, కోడలు, పిల్లాడు బయటికెళ్ళారు. వంటగదిలో కిటికీ పక్కన కుర్చీ ఆవిడది. మాకు ఎదురుగా రెండు కుర్చీలు వేయించింది. పళ్ళెంలో కిబెలు ఉన్నాయి. గోధుమరవ్వ నానబెట్టి, నూరి, కోడిగుడ్డు ఆకారంలో చేసి లోపల కూర పెట్టి వేయిస్తారు. మామూలుగా అయితే గొడ్డుమాంసం పెడతారు, మేం తినమని నాదియా ముందే చెప్పి గుమ్మడికాయతో చేయించింది. మన పూర్ణం బూరెకి కారం నేర్పితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

తర్వాత కాఫీ వచ్చింది. చిన్న కప్పులు, గుక్కెడు కాఫీ, యాలకుల వాసన. నోట్లో పెట్టగానే కషాయం కంటే నయం అనిపించింది, అంతకుమించి మెచ్చుకోలేను. మా ఆయన గుటక వేసి కళ్ళు పెద్దవి చేసి బల్ల మీద చక్కెర డబ్బా కోసం చూడసాగాడు. బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

నజీరా గారు పోర్చుగీసులో మాట్లాడితే నాదియా ఇంగ్లీషులో చెప్పేది. మొదటి మాటే సూటిగా అడిగింది.

"దొతోరా, మీరు చూశారట."

డాక్టరమ్మా అని పిలుపు. చూశానన్నాను.

"నేను చూడలేదు. అబ్బాయి ఫోను తెచ్చి చూపించాడు, కళ్ళు మూసుకున్నాను. ఏం చూశారో చెప్పండి."

నాదియా నా వంక భయంగా చూసింది. నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. రోగుల ఇంటివాళ్ళకి రోజూ చెప్పే అలవాటు ఉంది నాకు. నలుగురు మనుషులున్నారు. ఇద్దరు ఒళ్ళంతా కప్పే తెల్లటి ప్లాస్టిక్ బట్టల్లో ఉన్నారు. ఒకాయన పువ్వులు వేశాడు. ఒక కుక్క కూడా వచ్చింది, దాన్నెవరూ తోలలేదు.

"మట్టి ఎర్రగా ఉందా?"

"బాగా ఎర్రగా ఉంది."

ఆవిడ తల ఊపింది. అనాపొలిస్ మట్టి బట్టలకి అంటితే పోదట. ఆయన చొక్కాలు ఉతికి ఉతికి చేతులు అరిగిపోయాయంది.   నలుగురం ఊరికే కూర్చున్నాం. నాకు దుఃఖం వచ్చింది. ఆ ఏడాదిన్నరలో నేను ఎందరి చావులు చూశానో, ఒక్కరి ఇంట్లో కూడా ఇలా కూర్చోలేదు. ఎవరి గుమ్మమూ తొక్కనివ్వలేదు మమ్మల్ని.

కప్పు కింద పెట్టాను. మా ఆయన వంక చూశాను, ఆయన నా వంక చూశాడు. ఇద్దరం లేచాం. ఆవిడ వంక ఒకసారి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా గుమ్మం దాటి, గేటు దాటి, వెనక్కి తిరగకుండా కారు దగ్గరికి వచ్చేశాం.

చావు ఇంటి నుంచి వెళ్ళొస్తామని చెప్పి వచ్చే తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా? మళ్ళీ ఇలాంటి పనికి వస్తామని ఎవరైనా చెబుతారా? తెనాలిలో చెప్పరు, కరీంనగర్‌లో చెప్పరు. లేస్తారు, వచ్చేస్తారు. అంతే మేం చేసింది.

నాదియా పరుగెత్తుకుంటూ వచ్చింది. మాస్కు కూడా లేదు. "ఏమైంది? అమ్మ ఏమన్నా తప్పుగా అందా? ఒక్క మాటయినా చెప్పకుండా లేచి వచ్చేశారే! నిన్న అంత చెప్పాను కదా!"

మా ఊళ్ళో ఇంతేనని చెప్పబోయాను. వినలేదు. "మీ ఊళ్ళో కాదు డాక్టర్, మా అమ్మ ఇంట్లో," అని కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

నోరా ఇంట్లో తలస్నానాలు

కారులో మా ఆయన అన్నాడు. "తలకు పోసుకోవాలె."

"ఆర్నెల్ల కిందటి చావుకి ఇప్పుడు మైలేంటండీ?"

"ఆమె లెక్కల ఇంక అయిపోలేదు గదా. గందుకే గదా మనం చెప్పకుండ వచ్చింది? గదొకటి పాటించి గిదొకటి ఇడిసిపెడ్తవా?"

 నోరా ఇంటికి వెళ్ళి, ఎక్కడా ఏదీ ముట్టుకోకుండా సరాసరి బాత్రూంలోకి దూరాం. ఒకరి తర్వాత ఒకరు తలస్నానాలు చేసి, వేసుకున్న బట్టలన్నీ తడిపి పిండి, వెనక తీగ మీద ఆరేశాం. తుడుచుకుని బయటికొచ్చేసరికి వరండా చివర నోరా. మాస్కు మీద మాస్కు.

"పొద్దున కూడా స్నానం చేశారు మీరు," అంది. "మళ్ళీ చేశారు. బట్టలు ఉతికారు. ఏదీ ముట్టుకోకుండా లోపలికి పోయారు. మీరు డాక్టరని నాకు తెలుసు. నిజం చెప్పండి, కరోనా ఉన్నవాళ్ళ దగ్గరికేమైనా వెళ్ళొచ్చారా?"

కాదమ్మా, చావు జరిగిన ఇంటికి వెళ్ళొచ్చామన్నాను. ఇంకా రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎవరు పోయారు?"

"బ్రెజిల్‌లో ఒకాయన. జనవరిలో."

నోరా నా వంకా, తీగ మీద బట్టల వంకా చూసింది. నేను మొత్తం కథ చెప్పాను. మేం చెప్పకుండా లేచి రావడం, నాదియా కోప్పడ్డం కూడా. విన్నాక ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుని మాస్కు ఒకటి తీసేసింది. వాళ్ళ అన్నయ్య కూడా కిందటేడు పోయాడట. ఊరివాళ్ళంతా రోడ్డుకి రెండు పక్కలా నిలబడితే శవం కారు మధ్యలోంచి వెళ్ళిపోయిందట. ప్రార్థన కంప్యూటర్లో చూసింది. "రెండొందల మందికి సాండ్‌విచ్‌లు చేయాల్సింది నేను," అంది. "ఒక్కటి కూడా చేయలేదు. ఇప్పటికీ చేతులు ఊరుకోవు." అందుకే అనుకుంటా, ఆ సాయంత్రం మేం అడక్కుండానే పెద్ద పళ్ళెం నిండా హామ్ సాండ్‌విచ్‌లు తెచ్చి పెట్టింది.

"వేడినీళ్ళ స్విచ్ ఆపారా?" అని కూడా అడిగింది.

ఆపలేదు. మా ఆయన పరుగెత్తాడు.

ఆ సాయంత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. నాదియా ఫోను ఎత్తలేదు. మా ఆయన మాత్రం, "పిల్ల పాపం బాధపడ్డది. ఒక్క ముచ్చట చెప్పి వచ్చేటోళ్ళం," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఎదుట నవ్వుతూ చేతులూపి, మళ్ళీ కలుద్దాం, కాఫీ బ్రహ్మాండంగా ఉంది అనడం నా వల్ల కాదు. నాదియా బాధకి నాకూ బాధగానే ఉంది. కానీ నేను చేసింది తప్పని ఒక్క క్షణం కూడా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

సోమవారం

పొద్దున టిఫిను తింటుండగా నాదియా ఫోను. 

"డాక్టర్, అమ్మ మిమ్మల్ని రమ్మంటోంది. ఇద్దర్నీ. తెల్లారకముందే లేచింది. ఏం జరిగిందో నాకు తెలీదు, ఏడుస్తోందా నవ్వుతోందా కూడా తెలీడం లేదు. త్వరగా రండి."

వెళ్ళాం. నజీరా గారు కిటికీ పక్కన కుర్చీలో లేదు. పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. జబ్బు భయంతో ఏడాదిన్నరగా నేను గ్లవుజులు లేకుండా పరాయి చేయి ముట్టుకోలేదు. ముందు ఒళ్ళు బిగుసుకుంది, తర్వాత నేనూ గట్టిగా పట్టుకున్నాను.

"మీకెలా తెలుసు?" అని అడిగింది. నాదియా అనువాదం చేస్తూనే ఉంది, ఆమెకీ ఏమీ అర్థం కావడం లేదని మొహమే చెబుతోంది.

ఏది తెలుసు అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆవిడకి ఆరేడేళ్ళప్పుడు, ఆ గుండీలమ్మిన తాతగారు పోయాడు. హోమ్స్ నుంచి వచ్చిన ముసలివాళ్ళంతా టోపీలు చేతుల్లో పట్టుకుని వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు, చేదు కాఫీ తాగారు, కప్పు పెట్టేసి ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయారు. మామూలు రోజుల్లో అయితే ఆ ఇంట్లో కాఫీ తాగినవాళ్ళు ఎవరైనా 'దాయిమె' అనాలి. ఈ ఇంట్లో ఈ కాఫీ ఎప్పటికీ ఇలాగే ఉండాలి అని దీవెన. వాళ్ళెవరూ అనలేదేమని చిన్నపిల్ల నజీరా వాళ్ళమ్మని అడిగింది. చావు కాఫీ ఎప్పటికీ ఉండాలని ఎవరు కోరుకుంటారే పిచ్చిపిల్లా, అందట అమ్మ.

"మర్చిపోయాను," అంది నజీరా గారు. "నా పిల్లలకి కూడా చెప్పలేదు. చెప్పేంత అవసరం రాలేదు. ఇక్కడికి వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే. కాఫీ బాగుందన్నారు, కౌగిలించుకున్నారు, మళ్ళీ వస్తామన్నారు. వాళ్ళు వెళ్ళాక నాకు ఆయన పోయినట్టే అనిపించేది కాదు. నిన్న మీరు అలా లేచి వెళ్ళిపోయారు. మా తాత ఇంట్లోంచి ఆ ముసలివాళ్ళు వెళ్ళినట్టే వెళ్ళారు. తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అనిపించింది, పోయాడు. నా భర్త పోయాడు. రాత్రంతా ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఏడవలేదు దొతోరా."

నాదియా సగంలో అనువాదం ఆపేసింది. మిగతా సగం వెక్కుతూ చెప్పింది. మాది కూడా అంతేనని, చావు ఇంట్లో వెళ్ళొస్తామనే మాట మేమూ అనం అని చెప్పాను. నజీరా గారు మా ఆయన వంక చూసి, ఆయన్నీ అడిగింది, మీ ఊళ్ళో కూడానా అని.

"ఔ అమ్మా, మా దిక్కు కూడ గంతే," అన్నాడు ఆయన తెలుగులోనే. ఆవిడకి అర్థమైనట్టే తల ఊపింది.

కాఫీ గిన్నె పొయ్యి మీదినుంచి దించింది. నాలుగు కప్పులు నింపింది. ప్రెస్ తలుపు తెరిచి, పైఅరలో వెనక్కి నెట్టిన పంచదార డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.  ఆవిడ మొదట మా కప్పుల్లో వేసింది. తర్వాత తన కప్పులో ఒక చెంచా వేసింది, ఆగింది, కిటికీలోంచి బయటికి చూసింది, ఇంకో రెండు వేసి కలిపి తాగింది.

ఆ కాఫీ నిజం చెప్పాలంటే పాకంలా ఉంది. మా ఆయనకి మాత్రం ప్రాణం లేచి వచ్చింది. కప్పు ఖాళీ చేసి, ఎవరూ చెప్పకుండానే, కరీంనగర్ యాసలో గట్టిగా, "దాయిమె" అన్నాడు. నజీరా గారు నవ్వింది. ముందు పళ్ళలో ఒకటి లేదు. తల్లి నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో, నాదియా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చి, నిన్న తలుపేసుకున్నందుకు ఏదో చెప్పబోయింది. ఊరుకోవే అన్నాను. నేను తెలుగులో అన్నా తనకి అర్థమైంది.

గేటు దగ్గర

వెళ్ళే వేళకి ఆవిడ గేటు దాకా వచ్చింది. పక్క పొలంలోంచి మైకిల్ ట్రాక్టరు ఆపి చెయ్యి ఊపాడు. నజీరా గారు ఆయన్ని కూడా లోపలికి రమ్మని సైగ చేసింది, పొయ్యి మీద కాఫీ ఉందని. ఆయన బూట్లకి బురద ఉందని చూపించాడు. పర్వాలేదు రమ్మంది. ఆయన టోపీ తీసి గేటు దాటడం నేను కళ్ళారా చూశాను.

మాకు ఆ రోజే బయల్దేరాలి. మర్నాడు పొద్దున నా డ్యూటీ. నాదియా మాత్రం ఇంకో రెండు రోజులు తల్లి దగ్గర ఉండి వస్తానంది. కొండలు చూసే టైము మిగల్లేదు, నాకు చింతా లేదు. కారు తలుపు తీసి, ఈసారి వెనక్కి తిరిగి, గట్టిగా అన్నాను.

"వెళ్ళొస్తాం అమ్మా."

ఏమంటోందని కూతుర్ని అడిగింది. వెళ్ళి మళ్ళీ వస్తాం అంటున్నానని ఇంగ్లీషులో చెప్పాను, నాదియా పోర్చుగీసులో చెప్పింది. మన దగ్గర ఆ మాటని ఎవరూ పట్టించుకోరు. "మంచిది" అంటారు, తలుపేసుకుంటారు. నజీరా గారికి ఆ సంగతి తెలియదు. ఆ మాటని పట్టుకుని అడిగింది.

"ఎప్పుడు?"

మా ఆయన, నేను మొహాలు చూసుకున్నాం. ఆరు నెలలుగా ఎవరికోసమూ ఎదురుచూడని మనిషి, గేటు పట్టుకుని మా జవాబు కోసం చూస్తోంది. నా డ్యూటీలు మనసులో తిప్పి, ఆగస్టు రెండో ఆదివారం అన్నాను. ఆవిడ తల ఊపి, లోపల మైకిల్ కుర్చీ లాక్కుంటున్న చప్పుడు విని, గబగబా ఇంట్లోకి నడుస్తూ నాదియాతో ఏదో చెప్పింది.

నాదియా నవ్వు ఆపుకుంటూ కారు అద్దం దగ్గరికి వంగింది.

"వచ్చేటప్పుడు పంచదార తెమ్మంటోంది డాక్టర్. మైకిల్‌కి వేస్తే ఇంట్లో ఉన్నది అయిపోతుందట."